ఆదివారం సాయంత్రం పెందుర్తి రోడ్డు: జాం ఎక్కడ పుడుతుంది?

వలిసె పూలు పూసే రోజుల్లో అరకు వెళ్ళి ఆదివారం సాయంత్రం విశాఖకు తిరిగొచ్చిన వాళ్ళకి ఈ అనుభవం కొత్తగా చెప్పనక్కర్లేదు. ఘాట్ దిగి, శృంగవరపుకోట (ఎస్.కోట) దాటి, కొత్తవలస దాటి, అమ్మయ్య ఇంటికొచ్చేశాం అనుకునేసరికి పెందుర్తి దగ్గర బళ్ళ వరస మొదలవుతుంది. అక్కడి నుంచి వేపగుంట, గోపాలపట్నం, ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు. తెల్లవారుజామున ఐతే తెలియకుండానే దాటిపోయే ఆ కాస్త దారి ఆ సాయంత్రం గంట తినేస్తుంది.

మొన్న చలికాలంలో మేం ఆరుగురం ఒక కేరవాన్ అద్దెకు తీసుకుని అరకు వెళ్ళొచ్చాం. కేరవాన్ అంటే తెలుగువాళ్ళకి ముందు గుర్తొచ్చేది సినిమా షూటింగే. హీరో హీరోయిన్లు మేకప్ వేసుకునే బండి. ఇప్పుడది యాత్రలకీ వచ్చింది. కేరళ 2021లోనే కేరవాన్ పర్యాటకానికి ఒక విధానం ప్రకటించింది, మన రాష్ట్రంలోనూ ఆ మాట గట్టిగా వినిపిస్తోంది. మేం తీసుకున్నది వ్యాను మీద కట్టిన చిన్న ఇల్లు. లోపల పడకలు, ఒక సోఫా, చేతులు కడుక్కునే సింకు, నీళ్ళ ట్యాంకు, గ్యాసు పొయ్యి ఉన్నాయి. సామాన్లతో, మనుషులతో కలిపి ఐదు టన్నుల దాకా తూగే బండి.

పెందుర్తి దగ్గర ఆగాం. కదిలాం. మళ్ళీ ఆగాం. రెండు బళ్ళ దూరం కదలడం, నిలబడిపోవడం, ముందెక్కడో ఏ లారీయో బోల్తా పడి ఉంటుందని ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకోవడం. ముప్పావు గంట అలా గడిచాక గోపాలపట్నం చేరువలో బళ్ళన్నీ ఉన్నట్టుండి విడిపోయి సాగిపోయాయి. బోల్తా పడిన లారీ లేదు, చెడిపోయిన బస్సు లేదు, పోలీసు లేడు. మా అమ్మ కిటికీలోంచి రెండు పక్కలా చూసి, "ఇక్కడేటీ లేదేట్రా! మరింతసేపు ఎందుకాగిపోనాం?" అంది.

అమ్మ అడిగిన ఆ ప్రశ్ననే జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయానికి చెందిన యూకీ సుగియామా బృందం ప్రయోగం చేసి తేల్చింది. 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న గుండ్రటి దారి గీసి, దాని మీద 22 కార్లు నిలబెట్టారు. సిగ్నల్ లేదు, మలుపు లేదు, గుంత లేదు, దారి ఎక్కడా సన్నబడదు. అందరూ గంటకు 30 కిలోమీటర్ల వేగంతో, ముందు కారును తగలకుండా పొమ్మన్నారు, అంతే. మొదట్లో అంతా చక్కగానే తిరిగింది. కాసేపటికి ఒక డ్రైవరు కొంచెం నెమ్మదించాడు. అతని వెనకాయన ఇంకాస్త గట్టిగా నొక్కాడు. ఆయన వెనకాయన మరికాస్త. కొన్ని కార్ల వెనక ఉన్నాయన పూర్తిగా ఆగిపోయాడు. ఆ తర్వాత ఆ ఆగిన ముద్ద అలాగే ఉండిపోయి, కార్లు ముందుకి పోతుంటే తను మాత్రం గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో వెనక్కి ప్రయాణం చేసింది. 2008లో అచ్చయిన ఈ ప్రయోగం వీడియో చూస్తే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. తప్పు చేసినవాడు ఒక్కడూ లేడు, జాం మాత్రం పుట్టింది.

22 కార్లకి 230 మీటర్లంటే ఒక్కో కారుకీ పది మీటర్ల పైచిలుకు. అందులో కారు పొడవు తీసేస్తే ముందు కారుకి ఎడం ఆరు మీటర్లు మిగులుతుంది. 30 వేగంలో బండి సెకనుకు ఎనిమిది మీటర్లకు పైగా పోతుంది. ముందు బండి నెమ్మదించిందని కంటికి కనిపించి, కాలు బ్రేకు మీదికి చేరేసరికి చురుకైన మనిషికి కూడా దాదాపు సెకను పడుతుంది. అంటే ఉన్న ఎడం కన్నా ఆ ఆలస్యంలో బండి పోయే దూరమే పెద్దది. అందుకే ప్రతి డ్రైవరూ, భయం కొద్దీ, అవసరమైన దానికన్నా కొంచెం ఎక్కువ నొక్కుతాడు. ఆ 'కొంచెం' వెనక్కి పోతూ పోతూ పెరుగుతుంది. ఇది ఎవరి స్వభావ దోషమూ కాదు, లెక్క అలా ఉంది.

సింహాచలం దర్శనం క్యూలో నిలబడిన వాళ్ళకి దీని రెండో సగం తెలుసు. ముందు గేటు తీయగానే వెనక ఉన్న మనం కదలం. మొదటివాడు అడుగేస్తేనే రెండోవాడికి చోటు. కదలిక ఒక్కొక్కరినీ దాటుకుంటూ మన దగ్గరికి రావాలి. రోడ్డు మీదా అంతే. ఆ కదలిక వెనక్కి వచ్చే వేగం కూడా గంటకు 20 కిలోమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుందనుకుంటే, కిలోమీటరు వెనక్కి చేరడానికి మూడు నిమిషాలు. ముందర అడ్డు తొలగిపోయిన తొమ్మిది నిమిషాలకి గాని మూడు కిలోమీటర్ల వెనకున్న బండికి ఆ కబురు అందదు. ఈలోపు దాని వెనక కొత్తగా వచ్చి చేరిన బళ్ళు వరసను ఇంకా వెనక్కి పొడిగిస్తుంటాయి. మేం ముప్పావు గంట మోసినది ఎప్పుడో పుట్టి చనిపోయిన ఒక చిన్న ఆగడం తాలూకు అలను. గోపాలపట్నం దగ్గర ఎవరో రోడ్డు దాటి ఉంటారు, ఒక ఆటో ప్రయాణికుల కోసం ఆగి ఉంటుంది. మేం వచ్చేసరికి వాళ్ళెవరూ అక్కడ లేరు.

ఈ అల ఆలోచన వెనక ఒక చక్కని విషయం ఉంది. 1955లో బ్రిటన్‌లో జేమ్స్ లైట్‌హిల్, జెరాల్డ్ విథమ్ అనే ఇద్దరు గణితజ్ఞులు జంటగా రెండు పరిశోధన పత్రాలు వెలువరించారు. మొదటిది పొడవాటి నదుల్లో వరద ఎలా కదులుతుందన్నది. రెండోది కిక్కిరిసిన పొడవాటి రోడ్ల మీద బళ్ళు ఎలా కదులుతాయన్నది. రెంటికీ వాడిన గణితం ఒకటే. గోదావరికి పైన వరదొచ్చిందంటే కింద ఏ ఊరికి ఎప్పుడు చేరుతుందో చెప్పే లాంటి లెక్కే, పెందుర్తి రోడ్డు మీద జాం ఎప్పుడు మీ బండిని తాకుతుందో చెబుతుంది. తేడా ఒకటే. వరద కిందికి దిగుతుంది, జాం ఎగువకి ఎక్కుతుంది.

వాళ్ళకి ఇరవై ఏళ్ళ ముందే అమెరికాలో బ్రూస్ గ్రీన్‌షీల్డ్స్ అనే ఇంజనీరు రోడ్డు పక్కన కెమెరా పెట్టి వరసగా ఫొటోలు తీసి బళ్ళు లెక్కపెట్టాడు. రోడ్డు మీద బళ్ళు పెరిగేకొద్దీ వేగం తగ్గుతుందన్నది అందరికీ తెలిసిందే. ఆయన 1935లో చూపించినది ఆ రెంటినీ కలిపితే వచ్చే ఫలితం. ఒక వరసలో కిలోమీటరుకు 150 బళ్ళు కిక్కిరిస్తాయనుకుందాం. గంటకు అన్నిటికన్నా ఎక్కువ బళ్ళను ఆ వరస దాటించేది అందులో 75 ఉన్నప్పుడు. తర్వాత వచ్చినవాళ్ళు ఈ అంకెను సరిచేశారు, అసలు రోడ్ల మీద ఆ శిఖరం ఇంకా ముందే వస్తుందని కనుక్కున్నారు. ఏ లెక్క తీసుకున్నా ఒక సంగతి మారదు. రోడ్డులో సగానికి పైగా ఖాళీగా ఉన్నప్పుడే అది పూర్తిగా పనిచేస్తుంది. ఆ ఖాళీని మనం వృథా అనుకుంటాం. 'ఇంత చోటుంది కదా, దూరిపో' అంటాం. రోడ్డు శక్తి అంతా ఆ ఖాళీలోనే ఉంది.

ఇక్కడ పాఠకులు ఒక మాట అడుగుతారు, అడగాలి కూడా. జపాన్‌లో కార్లు ఒకదాని వెనక ఒకటి పోతాయి, గోపాలపట్నంలో అలా ఎవరు పోతారు? నిజమే. మన రోడ్డు మీద వరస అన్నదే సరిగా ఉండదు. స్కూటరు, ఆటో, సిటీ బస్సు, కూరగాయల బండి, కారు, లారీ, అన్నీ ఒకే నేల మీద. మన దేశపు రోడ్డు ఇంజనీర్లు ఈ కలగాపులగాన్ని లెక్కకి తేవడానికి ఒక కొలమానం పెట్టుకున్నారు. కారును ఒకటి అనుకుంటే మిగతావి ఎంత? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో నగర రోడ్లకు ఇచ్చిన పట్టిక ప్రకారం మోటారు సైకిలు అర కారు, సైకిలు 0.4, ఆటో 1.2, బస్సు గాని లారీ గాని 2.2, ట్రాక్టరు ట్రాలీ 4. మనిషి తోసుకెళ్ళే బండి 2. ట్రాఫిక్‌లో వాటి వాటా పెరిగితే ఈ అంకెలూ పెరుగుతాయి. బస్సు 3.7కి పోతుంది. తోపుడు బండి పొడవులో కారుకన్నా చిన్నదే, కానీ నెమ్మదిగా కదులుతూ తన చుట్టూ ఖాళీ మింగుతుంది కనుక రెండు కార్లతో సమానం. మా కేరవాన్ ఈ లెక్కలో చిన్న లారీకి దగ్గర, కారుకి ఒకటిన్నర రెట్లు ఉండొచ్చు.

గులకరాళ్ళు పోసిన డబ్బాలో ఇసుక పోస్తే సందుల్లోకి దిగిపోయినట్టు, మన దగ్గర కార్ల సందుల్లోకి మోటారు సైకిళ్ళు దిగిపోతాయి. దీనివల్ల లాభం కూడా ఉంది. సిగ్నల్ దగ్గర ముందుకి చేరిన బైకులు పచ్చదీపం పడగానే చటుక్కున పోతాయి, అదే చోటులో ఎక్కువమంది దాటుతారు. నష్టమల్లా ఇరుకు దగ్గర. బియ్యం డబ్బాలోకి గరాటుతో పోసిన వాళ్ళకి తెలుసు, గుప్పున ఒక్కసారి ఒంపితే గింజలు ఒకదానికొకటి ఆనుకుని మూతి దగ్గర కమాను కట్టేసి ఆగిపోతాయి. వేలితో తడితే గాని పడవు. గోపాలపట్నం బజారు దగ్గర, ఆగిన ఆటోలూ షాపుల ముందు నిలిపిన బళ్ళూ రోడ్డును సన్నం చేసే చోట, ఐదు వైపుల నుంచి ఐదు బళ్ళు ముక్కులు దూర్చి సరిగ్గా ఇలాంటి కమానే కడతాయి. 2000లో డిర్క్ హెల్బింగ్ బృందం, ఇరుకు ద్వారం గుండా తోసుకుంటూ బయటపడే జనం గురించి ఇదే కనుక్కుంది. తొందర పెరిగితే ద్వారం దాటేవాళ్ళ సంఖ్య తగ్గుతుంది. ఎన్.ఏ.డి. దగ్గర ఫ్లైఓవరూ పైన రోటరీ వచ్చాక అక్కడి చిక్కు చాలావరకు విడింది, అది మంచి పని. ఐతే ఒక గరాటు మూతి వెడల్పు చేస్తే నీళ్ళు ఆగే చోటు తర్వాతి మూతి అవుతుంది. విశాఖ నగరంలో పనిలేని లారీలు ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి పోయే ఆరు వరసల దారి పట్టడం మాత్రం అందరికీ మేలు.

మా బండి డ్రైవరు ఎస్.కోట వైపు మనిషి, అరవై దగ్గర పడిన పెద్దాయన. జాంలో ఆయన ముందు బండికి ఎప్పుడూ నాలుగు కార్ల చోటు వదిలేసి, బ్రేకు దాదాపు ముట్టుకోకుండా, నడక వేగంతో పాకుతూ వచ్చాడు. పక్కనుంచి ఆటోలు దూరుతుంటే నాకు ఒళ్ళు మండింది. "బాబాయ్, కొంచెం దగ్గరికి పోనీ" అన్నాను. "ఏటి తొందర బాబూ, ముందున్నోడు మాత్తరం ఎక్కడికెల్తాడు?" అన్నాడు. ఆయన ఈ పాఠం ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఘాట్ నేర్పింది.

ఆ ఘాట్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అరకు ఊరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. రైలు మార్గంలో శిమిలిగూడ స్టేషను ఇంకా ఎత్తు, 996 మీటర్లు. రోడ్డు మీద అనంతగిరి కాఫీ తోటల నుంచి మైదానానికి దిగేసరికి ఎంత తక్కువ వేసుకున్నా 800 మీటర్లు కిందికి వస్తాం. ఐదు టన్నుల బండి 800 మీటర్లు దిగితే వదిలించుకోవలసిన శక్తి దాదాపు 4 కోట్ల జౌళ్ళు. ఇంటి కరెంటు మీటరు భాషలో 11 యూనిట్లు. 130 లీటర్లకు పైగా నీళ్ళను తెర్లించడానికి సరిపోయే వేడి. పెళ్ళింట్లో పెద్ద గంగాళం నిండా నీళ్ళు కాగే వేడి అది. బండి వేగం పెరగకుండా కిందికి రావాలంటే ఆ వేడంతా ఎక్కడో ఒకచోట పుట్టి గాల్లో కలవాలి. బ్రేకు మీద కాలు పెట్టుకుని దిగితే అది చక్రాల దగ్గరి కాస్త ఇనుములో పుడుతుంది.

వేడెక్కిన బ్రేకులో రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, లైనింగు ఓ హద్దు దాటి కాగితే దాని పట్టు జారిపోతుంది. ఎంత తొక్కినా బండి ఆగదు, కమురు వాసన వస్తుంది. రెండోది కంటికి కనపడదు. హైడ్రాలిక్ బ్రేకులో మన కాలి ఒత్తిడిని చక్రానికి మోసేది ఒక ద్రవం. అది గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 4 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టిన ద్రవానికి ప్రమాణం పెట్టిన హద్దు 155 డిగ్రీలు. మరిగిన చోట ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు గాని ఆవిరి నలుగుతుంది. అందుకే పెడలు మెత్తగా నేలకి తగిలిపోతుంది, చక్రానికి ఒత్తిడి చేరదు. విశాఖ గాలిలో ఏడాది పొడవునా తేమే. ఇక్కడి బళ్ళకి బ్రేకు ఆయిలు గడువు దాటకుండా మార్పించడం మరీ అవసరం.

"ఎక్కిన గేర్లోనే దిగాల" అని మా డ్రైవరు అన్న మాట ఆ దారి డ్రైవర్లందరికీ కంఠస్థం. దానిలో శాస్త్రం పూర్తిగా ఉంది. చిన్న గేరులో బండి దిగుతుంటే చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి. ఇంజన్ లోపలి రాపిడి, గాలిని లోపలికి లాగి బయటికి తోసే శ్రమ, ఇవి బండిని పట్టి ఉంచుతాయి. పుట్టిన వేడి ఇంజన్‌కి ఉన్న రేడియేటరు గుండా, పొగ గొట్టం గుండా బయటికి పోతుంది. ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండగా యాక్సిలరేటరు వదిలితే డీజిలు చుక్క కూడా తీసుకోవు. ఆదా అనుకుని న్యూట్రల్‌లో దిగేవాళ్ళు డీజిలూ తగలేస్తారు, ఉన్న ఒక్క అదనపు బ్రేకునీ చేతులారా వదులుకుంటారు. ఘాట్‌లో న్యూట్రల్ వేసే డ్రైవరుతో ప్రయాణం చేయకండి.

ఘాట్‌లో కాగిన బ్రేకులకి మైదానంలో గాలి తగిలి చల్లారాలి. జాంలో ఆ గాలి ఉండదు. ఇంజన్‌దీ అదే పరిస్థితి, బండి పరిగెత్తుతుంటే రేడియేటరుకి ఎదురుగాలి తగులుతుంది, నిలబడితే ఫ్యానొక్కటే దిక్కు. అందుకని ఐదు టన్నుల బండిని ప్రతి పది మీటర్లకీ ఆపి, కదిపి, ఆపి, కదిపి నడిపితే నష్టం ఒక్క మనసుకే కాదు. ఎడం వదిలి పాకిన బండి ఆగాల్సిన సార్లు బాగా తగ్గుతాయి.

పెద్ద బండికి ఎడం కావలసిన కారణాలు ఇంకా ఉన్నాయి. అది మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకొస్తాయి. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య నాలుగు మీటర్లుండి, ముందు చక్రం ఎనిమిది మీటర్ల వ్యాసార్థంతో తిరిగితే, వెనక చక్రం మీటరుకు పైగా లోపలినుంచి పోతుంది. ఎడమకి తిరుగుతున్న బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య ఖాళీ ఉందని దూరే స్కూటరు అబ్బాయికి ఈ మీటరు కనపడదు. డ్రైవరుకి ఆ అబ్బాయి కనపడడు. ఆ జాగాలోకి ఎప్పుడూ వెళ్ళకూడదని పిల్లలకి బైకు తాళం ఇచ్చే రోజే చెప్పాలి.

నీళ్ళ ట్యాంకు మరో ముచ్చట. నిండుకుండ తొణకదని మన పెద్దలన్నది మనుషుల గురించే గాని, కేరవాన్ ట్యాంకుకి అక్షరాలా వర్తిస్తుంది. నిండా ఉన్నప్పుడు నీళ్ళు బండితో కలిసి ఒక్క బరువులా కదులుతాయి. సగం వాడేశాక బ్రేకు వేసిన ప్రతిసారీ ముందుకి దూసుకెళ్ళి గోడకి తగిలి వెనక్కి వస్తాయి. మీటరు పొడవు ట్యాంకులో జానెడు లోతు నీళ్ళకి ఆ రాకపోకకు ఒకటిన్నర సెకను పడుతుంది. మా ట్యాంకులో మిగిలిన డెబ్బై లీటర్ల తొణుకు ఐదు టన్నుల బండిని ఏమీ చేయలేదు, చప్పుడు మాత్రం దారంతా వినిపించింది. పాలట్యాంకరుకీ, విశాఖ నుంచి బయల్దేరే పెట్రోలు ట్యాంకరుకీ ఐతే ఇది ప్రాణాల మీది మాట. అందుకే పెట్రోలు ట్యాంకర్ల లోపల అడ్డుగోడలు పెట్టి అరలు చేస్తారు. హఠాత్తుగా బ్రేకు వేయాల్సిన పరిస్థితి ట్యాంకరు ముందు కల్పించకూడదనడానికి ఇదొక్కటి చాలు.

లోపల కూర్చున్న మా పరిస్థితీ చెప్పాలి. జాంలో పొగ రాకుండా కిటికీలు మూసి, ఏసీ గాలి లోపలే తిరిగేలా పెట్టుకున్నాం. అందరూ చేసేదే. ఊరికే కూర్చున్న మనిషి గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. మేం ఆరుగురం, డ్రైవరుతో ఏడుగురం. ఆ బండి లోపలి గాలి పదిహేను ఘనపు మీటర్లు అనుకుంటే, బయటి గాలి అసలు రాకపోతే, అరగంటలో ఆ వాయువు పది లక్షల పాళ్ళలో 4,500 పాళ్ళు దాటుతుంది. బయట అది 420 దాకా ఉంటుంది. సందుల్లోంచి కొంత గాలి మారుతుంది కనుక అసలు అంకె కొంచెం తక్కువే, ఐనా తల బరువెక్కి ఆవలింతలు రావడానికి చాలు. డ్రైవరు కూడా అదే గాలి పీలుస్తున్నాడు. పావుగంటకోసారి రెండు నిమిషాలు బయటి గాలికి స్విచ్చి మార్చితే సరిపోతుంది. ఆగాం కదా అని లోపల గ్యాసు పొయ్యి మీద టీ పెట్టుకోవడం మాత్రం వద్దు. మూసిన బండిలో సరిగా మండని మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

సోఫాలో అడ్డంగా కూర్చుని ఫోను చూస్తున్న మా అబ్బాయికి ఘాట్‌లో రాని వాంతి పెందుర్తి దాటాక వచ్చింది. దీనికీ కారణముంది. ఐదు సెకన్లకోసారి ఊగే నెమ్మది ఊపు మనిషి కడుపును అన్నిటికన్నా ఎక్కువ తిప్పుతుందని కొలిచి చూశారు. చెవి లోపలి తూకం కదులుతున్నామంటుంది, ఫోను మీదున్న కన్ను కదలట్లేదంటుంది. ఆగుతూ కదులుతూ పోయే బండి ఊపు ఆ ఐదు సెకన్లకి బాగా దగ్గరగా వస్తుంది. మా అమ్మ ఇచ్చిన ఉప్పు ఉసిరికాయ ముక్క కన్నా, బండి ఒకే వేగంతో పాకడం, ముందు అద్దంలోంచి దూరం చూడటం వాడికి ఎక్కువ మందుగా పనిచేశాయి.

జాం పుట్టకుండా నడిచేవాళ్ళు లోకంలో ఉన్నారు. చీమలు. ఐ.ఐ.టి. కాన్పూర్ భౌతికశాస్త్రవేత్త దేబాశీష్ చౌధురి, తన సహచరులతో కలిసి చీమల బారులను వీడియో తీసి లెక్కకట్టారు. 2009లో వెలువడిన ఆ ఫలితం చిత్రమైనది. బారు ఎంత చిక్కబడినా వాటి వేగం దాదాపు తగ్గలేదు. పదేళ్ళ తర్వాత ఫ్రాన్స్‌లో అర్జెంటీనా జాతి చీమల్ని సన్నటి వంతెన మీద నడిపించి చూశారు. వంతెనలో 80 శాతం నిండినా ప్రవాహం పడిపోలేదు. మనుషుల నడకలోనైతే 40 శాతం నిండేసరికే నెమ్మది మొదలవుతుంది. దారి మరీ కిక్కిరిస్తే చీమలు అందులోకి దిగకుండా కాసేపు ఆగుతాయి. ఒకదాన్ని దాటి ఒకటి ముందుకి పోవాలని చూడవు.

ఎడం ఉంటే జాం పుట్టదనడానికి మా ఊళ్ళోనే ఇంకో రుజువుంది. గోపాలపట్నం పక్కనుంచే అరకు రైలు పోతుంది, కొత్తవలస దగ్గర కిరండూల్ మార్గం పడుతుంది. ఒక సెక్షనులో ఒక రైలు ఉండగా ఇంకో రైలును లోపలికి వదలరు. ఎడం డ్రైవరు దయ మీద కాక నియమం మీద ఆధారపడి ఉంది. అందుకే రైలు ఆలస్యం కావచ్చు గాని కారణం లేని జాం రైలు పట్టాల మీద పుట్టదు. ఇక చోటు సంగతి. ఆషాఢ పున్నమికి సింహాచలం గిరిప్రదక్షిణ జరిగే రాత్రి ఇదే ఎన్.ఏ.డి., ఇదే గోపాలపట్నం రోడ్డు లక్షల మందిని 32 కిలోమీటర్ల చుట్టులో భాగంగా దాటిస్తుంది. మనిషికి కావలసిన చోటు తక్కువ, ఒక్క అడుగులో ఆగగలడు. నిండు బస్సుకీ ఒంటరి కారుకీ మధ్య తేడా కూడా ఈ చోటు లెక్కే. ఆదివారం అరకు నుంచి వచ్చే కార్లలో సగంమంది రైలెక్కినా పెందుర్తి రోడ్డు ఎంత తేలిక పడుతుందో చెప్పనక్కర్లేదు.

అందరూ మారితే గాని లాభం లేదనుకోవడం సరికాదని అరిజోనాలో జరిగిన ప్రయోగం చెప్పింది. నగోయా ప్రయోగం లాగే గుండ్రటి దారిలో ఇరవై పైచిలుకు కార్లు తిప్పారు, జాం అల పుట్టింది. అప్పుడు వాటిలో ఒక్క కారును కంప్యూటరుకి అప్పగించారు. అది చేసిందల్లా ముందు కారు మీదికి ఎగబడకుండా, ఎడం ఉంచుకుని, సగటు వేగంతో నిదానంగా పోవడం. ఆ ఒక్క కారు వల్ల అల చచ్చిపోయింది. ఇంధనం వాడకం 40 శాతం దాకా తగ్గింది. 2018లో వచ్చిన ఆ పత్రం చదివినప్పుడు నాకు మా ఎస్.కోట డ్రైవరే గుర్తొచ్చాడు. ఆరోజు ముందు బండి ఆగినప్పుడల్లా ఆయన ఆగలేదు, నెమ్మదించాడు. ముందు నుంచి వచ్చిన ఆగడాన్ని ఆ నాలుగు కార్ల చోటు మింగేసింది. మా వెనకున్న వాళ్ళకి అది చేరలేదు.

ఆటోలు దూరిపోతాయి కదా, మనం వెనకబడిపోమా అంటారు. లెక్క వేసి చూశాను. ఒక్కో బండి మన ముందు దూరితే మనకు పోయేది రెండు సెకన్లు. పెందుర్తి నుంచి ఎన్.ఏ.డి. దాకా ముప్పై బళ్ళు దూరినా మొత్తం ఒక్క నిమిషం.

కాబట్టి ఈసారి పెందుర్తి రోడ్డు మీద, గోపాలపట్నం బజారు దగ్గర, ఏ బస్సో కేరవానో ముందు నాలుగు కార్ల చోటు ఖాళీ వదిలి పాకుతుంటే వెనకనుంచి హారన్ కొట్టకండి. పక్కనుంచి వచ్చి ఆ చోటులో దూరకండి. మీ చేతిలో స్టీరింగు ఉంటే మీరూ అంత చోటు వదలండి. మీ వెనక మూడు కిలోమీటర్ల దూరంలో, పిల్లల్నీ ముసలివాళ్ళనీ ఎక్కించుకుని ఇంటికి పోతున్న ఎవరికో అది కొన్ని నిమిషాలు మిగల్చవచ్చు.